కారు బీమాలో రకములు – ఏ పాలసీ ఎవరిని కాపాడును?



విత్తనశుద్ధి గురించి చెప్పుటకు ఒకసారి పరవాడ వెళ్ళినాను. సభ ముగిసిన తరువాత ఒక పెద్దరైతు నన్ను ఆపి, "మాస్టారూ, వరి సంగతి తరువాత చూద్దాం. ముందు నా కారు సంగతి చెప్పండి. ఏటేటా ఇన్సూరెన్సు కడుతూనే ఉన్నాను. మొన్న గాలివానకు కొబ్బరిచెట్టు విరిగి కారుమీద పడింది. కంపెనీవారు పైసా రాదన్నారు. ఇన్సూరెన్సు ఉండికూడా డబ్బు రాకపోవడమేమిటి?" అని అడిగినారు. ఆయన తెచ్చిన కాగితము తీసి చూచినాను. మొదటి పుటలో పైననే "లయబిలిటీ ఓన్లీ పాలసీ" అని అచ్చువేసి ఉన్నది. కంపెనీవారు ఆయనను మోసగించలేదు. ఆయన కట్టినది ఒక రకము బీమా, ఆయనకు వచ్చిన నష్టము వేరొక రకమునకు చెందినది. అంతే తేడా. ఆ తేడా తెలియనందున ఆయన చేతి సొమ్ము పోయినది.

నేను సస్యశాస్త్రము బోధించువాడను, బీమా ఏజెంటును కాను. అయినను ఒక ఎకరము వరి మీద మిగులునది ఎంతో, ఒక్క ప్రమాదముతో పోవునది ఎంతో రైతుకు తెలిసి ఉండవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పరవాడ నేడు పాత పరవాడ కాదు. ఒకవైపు సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రము, ఇంకొకవైపు జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ, కొంచెము దూరమున ఉక్కు కర్మాగారము, గంగవరము ఓడరేవు ఉన్నవి. లంకెలపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కినచో రాత్రింబవళ్ళు పెద్ద లారీలు నడుచుచుండును. అదే దారిన మన ఎడ్లబండ్లు, మోటారు సైకిళ్ళు, ట్రాక్టర్లు, కార్లు కూడ పోవలెను. కావున ఇక్కడి రైతుకు వాహన బీమా పట్నపు సంగతి కాదు. పంట బీమా వలెనే ఇంటి సంగతి.

ఎడ్లబండితో పోల్చి చూడుడు

బీమా రకములు తెలిసికొనుటకు పాత ఎడ్లబండి ఉదాహరణ చాలును. బండి గలవానికి మూడు విధములుగ నష్టము రావచ్చును.

మొదటిది: మన ఎద్దు తాడు తెంచుకొని పక్కవాని చేను మేసినది. ఆ చేనిగలవానికి మనము పరిహారము ఇయ్యవలెను. 

రెండవది: బండి గోతిలో పడి ఇరుసు విరిగినది. ఆ నష్టము మనది.

మూడవది: బండి తోలువాడు క్రిందపడి కాలు విరిగినది. ఆ దెబ్బ మనిషిది.

కారు బీమాలో కూడ ఈ మూడే ఉన్నవి. ఇతరులకు మనవలన కలుగు నష్టమునకు థర్డ్ పార్టీ బీమా. మన కారుకు కలుగు నష్టమునకు ఓన్ డ్యామేజి బీమా. నడుపు యజమాని ప్రాణమునకు, అవయవములకు వ్యక్తిగత ప్రమాద బీమా. ఒక దాని డబ్బు ఇంకొక దానికి రాదు. "ఇన్సూరెన్సు ఉన్నది" అను మాటకు అర్థము లేదు. "ఏ ఇన్సూరెన్సు ఉన్నది?" అని అడుగవలెను.

1. థర్డ్ పార్టీ బీమా

పాలసీలో మొదటి పార్టీ వాహన యజమాని. రెండవ పార్టీ బీమా కంపెనీ. ఈ ఇద్దరూ కాక దారిన పోవువారు, ఎదుటి బండివారు, వారి పశువులు, వారి గోడలు, ఇవి మూడవ పార్టీ. మన కారు వారికి చేసిన నష్టమును మన తరఫున కంపెనీ చెల్లించును. మన కారుకు ఇందులో నుండి ఒక్క రూపాయి కూడ రాదు.

ఈ బీమా ఇష్టముపై ఆధారపడినది కాదు. బ్రిటనులో 1930 చట్టముతో ఇది తప్పనిసరి అయినది. మన దేశములో 1939 నాటి మోటారు వాహనాల చట్టములో దీనికి ఏర్పాటు చేసి, 1946 నుండి అమలు జరిపినారు. ఇప్పుడు అమలులోనున్న 1988 చట్టము ప్రకారము ఇది లేకుండ వాహనము రోడ్డుమీదికి తేరాదు. 2019 సవరణ ప్రకారము మొదటి తప్పునకు 2,000 రూపాయల జరిమానా, లేక మూడు నెలల వరకు జైలు, లేక రెండునూ. మరల చేసినచో జరిమానా 4,000 రూపాయలు.

కాని జరిమానా చిన్న సంగతి. బీమా లేని కారు తగిలి ఒక మనిషి మరణించినచో, చనిపోయినవాని వయస్సు, సంపాదన, అతనిపై ఆధారపడినవారి సంఖ్య లెక్కచూచి ట్రైబ్యునలు పరిహారము నిర్ణయించును. అది లక్షలలో ఉండును. ఆ సొమ్ము యజమాని ఆస్తినుండి వసూలు చేయవచ్చును. రైతుకు ఆస్తి అనగా పొలమే గదా! బీమా ఉన్నచో మరణమునకు, గాయములకు కంపెనీ బాధ్యతకు పరిమితి లేదు. ట్రైబ్యునలు ఎంత నిర్ణయించిన అంత. ఇతరుల ఆస్తి నష్టమునకు మాత్రము కారు పాలసీలో 7,50,000 రూపాయలు, ద్విచక్ర వాహన పాలసీలో 1,00,000 రూపాయలు పరిమితి.

థర్డ్ పార్టీ ప్రీమియమును కంపెనీలు తమ ఇష్టము వచ్చినట్లు వేయరాదు. ప్రభుత్వమే నిర్ణయించును. 2022 జూన్ 1 నుండి అమలుకు వచ్చిన పట్టీ ప్రకారము సొంత కారునకు సంవత్సరమునకు ప్రీమియము ఇట్లున్నది. పన్ను అదనము.

ఇంజను 1000 సి.సి. వరకు – 2,094 రూపాయలు
1000 నుండి 1500 సి.సి. వరకు – 3,416 రూపాయలు
1500 సి.సి. పైన – 7,897 రూపాయలు

2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారు కొనునపుడు మూడేండ్లకు, కొత్త మోటారు సైకిలు కొనునపుడు అయిదేండ్లకు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసికొనవలెను. చిక్కు ఇక్కడనే ఉన్నది. షోరూములో అనేకులు మూడేండ్ల థర్డ్ పార్టీతోపాటు ఓన్ డ్యామేజి ఒక్క ఏడాదికే తీసికొందురు. ఏడాది నిండగానే ఓన్ డ్యామేజి ముగియును. "మూడేండ్లకు కట్టినాము గదా" అని రైతు నిశ్చింతగా ఉండును. రెండవ ఏట కారుకు దెబ్బ తగిలినపుడుగాని సంగతి బయటపడదు. మీ పాలసీలో రెండు తేదీలు ఉండును. రెండునూ చూడుడు.

2. ఓన్ డ్యామేజి, ప్యాకేజి పాలసీలు

మన కారుకు ఢీకొనుటవలన, అగ్నివలన, దొంగతనమువలన, అల్లరిమూకలవలన, తుఫాను, వరద, పిడుగు, భూకంపము మొదలగు ప్రకృతి వైపరీత్యములవలన కలుగు నష్టమును ఓన్ డ్యామేజి భరించును. ఇదియు, థర్డ్ పార్టీయు కలిపి ఒకే పాలసీగా ఇచ్చినచో దానిని ప్యాకేజి లేక కాంప్రహెన్సివ్ పాలసీ అందురు. 2019 సెప్టెంబరు నుండి ఓన్ డ్యామేజిని విడిగా, వేరొక కంపెనీ దగ్గర కూడ తీసికొనవచ్చును. ఈ ప్రీమియము కంపెనీ కంపెనీకి మారును. కనుక రెండుమూడు చోట్ల ధర అడిగి తీసికొనుడు.

దీని విలువ మన ప్రాంతమువారికి 2014 అక్టోబరు 12 ఆదివారమునాడు తెలిసినది. ఆ రోజు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. గాలి వేగము గంటకు 180 కిలోమీటర్ల దాక ఉన్నది. కొబ్బరి, జీడిమామిడి తోటలు పడిపోయినవి. చెట్లు, రేకులు, గోడలు కార్లమీద కూలినవి. ఆనాడు ఒకే వీథిలో, ఒకే చెట్టు క్రింద నలిగిన రెండు కార్లు ఉన్నవనుకొనుడు. ప్యాకేజి పాలసీ ఉన్న కారుకు క్లెయిము వచ్చును. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న కారుకు ఏమియు రాదు. గాలిని దావా వేయలేము గదా! సముద్రపు ఒడ్డున బ్రతుకు మనకు తుఫాను కొత్త కాదు. ఓన్ డ్యామేజి కట్టవలెనా వద్దా అని ఆలోచించునపుడు ఇది మొదట గుర్తుకు తెచ్చుకొనవలెను.

ఇంకొక తేడా కూడ గమనింపుడు. సొంత కారులో మనతో కూర్చొని వచ్చు బంధుమిత్రులకు ప్యాకేజి పాలసీలో రక్షణ కలదు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీలో వారికి దానంతటదే రాదు. పెండ్లికి నలుగురిని ఎక్కించుకొని పోవునపుడు ఇది చిన్న విషయము కాదు.

ఓన్ డ్యామేజి ఉన్నను ఈ క్రింది సందర్భములలో డబ్బు రాదు:

(అ) నడుపువానికి తగిన లైసెన్సు లేనపుడు.
(ఆ) త్రాగి నడిపినపుడు.
(ఇ) సొంత కారును కిరాయికి త్రిప్పినపుడు. కర్మాగారముల ఉద్యోగులను నెలజీతము మాట్లాడుకొని సొంత కారులో చేరవేయువారు ఇది బాగుగా గమనించవలెను.
(ఈ) మామూలు అరుగుదలకు, యంత్రము తనంతట తాను చెడిపోయినందుకు.
(ఉ) నీట మునిగిన కారును స్టార్టు చేసినందువలన ఇంజను పాడైనపుడు. వరద నష్టమునకు బీమా ఉండవచ్చును. కాని నీరు చేరిన ఇంజనును త్రిప్పినందున కలిగిన నష్టమును వేరుగా చూతురు. కనుక నీట మునిగిన కారును స్టార్టు చేయరాదు. లాగించుకొని పోవలెను.

3. యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా

కారు నడుపు యజమాని మూడవ పార్టీ కాడు. కనుక తన తప్పువలన తనకే దెబ్బ తగిలినచో థర్డ్ పార్టీ నుండి పరిహారము రాదు. దీనికై వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి చేసినారు. 2018 నుండి దీని మొత్తము 15 లక్షల రూపాయలు. అంతకుముందు కారునకు 2 లక్షలు, మోటారు సైకిలునకు 1 లక్ష మాత్రమే ఉండెడిది. యజమాని మరణించినచో, లేక రెండు అవయవములు గాని రెండు కండ్లు గాని పోయినచో పూర్తి మొత్తము, ఒక అవయవము గాని ఒక కన్ను గాని పోయినచో సగము ఇత్తురు. అంతే మొత్తమునకు వేరుగా ప్రమాద బీమా ఉన్నవారు ఇది మరల తీసికొననక్కర లేదు.

పల్లెలలో ఎక్కువగా జరుగు పొరపాటు ఇక్కడ కలదు. కారు తండ్రి పేరున ఉండును. తండ్రికి లైసెన్సు ఉండదు. నడుపునది కొడుకు. ఈ బీమా "యజమాని–డ్రైవరు"కే గాని ఇతరులకు కాదు. యజమానికి లైసెన్సు కూడ ఉండవలెను. తండ్రి నడుపడు, కొడుకు యజమాని కాడు. ఆ ఇంట ఎవరికిని ఈ 15 లక్షల రక్షణ లేనట్లే. కర్ణాటకలో ఒకరు అడిగి తెచ్చుకొన్న మోటారు సైకిలు నడుపుచు, ముందు పోవుచున్న ఎడ్లబండికి తగిలి మరణించినారు. ఆ వ్యాజ్యములో 2009లో సుప్రీంకోర్టు, వాహనము అడిగి తెచ్చుకొన్నవాడు యజమాని స్థానములో నిలుచును గనుక అతనిని మూడవ పార్టీగా చూడరాదని చెప్పినది. కావున నడుపునది కొడుకే అయినచో వాహనము అతని పేరననే ఉంచుట మేలు. లేదా అతని పేర వేరుగా ప్రమాద బీమా తీయవలెను. జీతపు డ్రైవరును పెట్టుకొన్నవారు అతనికై కొద్ది ప్రీమియముతో అదనపు రక్షణ వ్రాయించుకొనవలెను.

4. ఐ.డి.వి. అనగా నేమి?

కారు దొంగలు ఎత్తుకొనిపోయినను, బాగుచేయలేనంత నలిగినను కంపెనీ ఇచ్చు గరిష్ఠ మొత్తమును ఐ.డి.వి. అందురు. ఇది మీరు కొన్న ధర కాదు. ఆ రకము కారు నేటి షోరూము ధరనుండి వయస్సునుబట్టి తరుగు తీసివేయగా మిగులునది.

ఆరు నెలల లోపు – నూటికి 5 తరుగు
ఆరు నెలలు దాటి ఏడాది వరకు – 15
ఏడాది దాటి రెండేండ్ల వరకు – 20
రెండేండ్లు దాటి మూడేండ్ల వరకు – 30
మూడేండ్లు దాటి నాలుగేండ్ల వరకు – 40
నాలుగేండ్లు దాటి అయిదేండ్ల వరకు – 50

ఉదాహరణకు 8 లక్షల కారు వయస్సు రెండున్నర ఏండ్లయినచో ఐ.డి.వి. 5,60,000 రూపాయలు. బాగుచేయుటకు అగు ఖర్చు ఐ.డి.వి.లో నూటికి 75 దాటినచో కారు పూర్తిగా నష్టమైనట్లు లెక్కింతురు. కొందరు ఏజెంట్లు ప్రీమియము తక్కువ చూపుటకు ఐ.డి.వి. తగ్గించి వ్రాయుదురు. విత్తనము తక్కువ చల్లి దిగుబడి నిండుగా రావలెనన్నచో ఎట్లు వచ్చును? ఇదియు అంతే.

5. చిన్న మరమ్మతులో లెక్క

"బిల్లు మొత్తము కంపెనీవారే ఇత్తురు" అనుట సరికాదు. మార్చిన భాగములకు తరుగు తీసివేయుదురు. రబ్బరు, ప్లాస్టిక్ భాగములకు, టైర్లకు, బ్యాటరీకి నూటికి 50. ఫైబర్ గ్లాసునకు 30. అద్దములకు తరుగు లేదు. ఇనుప భాగములకు కారు వయస్సునుబట్టి తరుగు మారును. రెండున్నర ఏండ్ల కారుకు దెబ్బ తగిలినదనుకొందము.

ప్లాస్టిక్ బంపరు 8,000 – కంపెనీ ఇచ్చునది 4,000
తలుపు రేకు 10,000 – నూటికి 15 తరుగు పోగా 8,500
ముందు అద్దము 6,000 – 6,000
పనివారి కూలి 5,000 – 5,000
మొత్తము బిల్లు 29,000 – లెక్కకు వచ్చునది 23,500

ఇందులో ప్రతి క్లెయిమునకు యజమాని తప్పక భరించవలసిన సొమ్ము 1500 సి.సి. వరకు 1,000 రూపాయలు, ఆపైన 2,000 రూపాయలు. మన లెక్కలో 1,000 పోగా కంపెనీ 22,500 ఇచ్చును. మిగిలిన 6,500 రైతు చేతినుండి పెట్టుకొనవలెను.

ఈ తరుగు లేకుండ ఇచ్చు అదనపు రక్షణను జీరో డిప్రిసియేషన్ అందురు. ఇంజనులో నీరు చేరిన నష్టమునకు ఇంజను ప్రొటెక్షను ఉన్నది. కారు పూర్తిగా పోయినచో కొన్న బిల్లు ధర ఇచ్చునట్టిది రిటర్న్ టు ఇన్వాయిస్. వీనికి ప్రీమియము వేరు. అన్నియు అందరికి అక్కరలేదు. కొత్త కారుకు మొదటి కొన్నేండ్లు జీరో డిప్రిసియేషన్, వానకాలమున దారులు మునుగు పల్లపు ఊళ్ళవారికి ఇంజను ప్రొటెక్షను ఉపయోగపడును.

6. నో క్లెయిం బోనసు

ఏడాదిపాటు క్లెయిము చేయకున్నచో మరుసటి ఏడాది ఓన్ డ్యామేజి ప్రీమియములో నూటికి 20 తగ్గింతురు. వరుసగా రెండేండ్లకు 25, మూడేండ్లకు 35, నాలుగేండ్లకు 45, అయిదేండ్లకు 50. ఒక్క క్లెయిము చేసినచో ఇది మొదటికి వచ్చును. కావున ఓన్ డ్యామేజి ప్రీమియము 8,000 ఉండి, నూటికి 50 బోనసు అనగా 4,000 తగ్గింపు పొందువాడు, 3,000 రూపాయల గీతకు క్లెయిము చేసినచో లాభముకన్న నష్టమే ఎక్కువ. పాలసీ గడువు ముగిసిన 90 రోజుల లోపు తిరిగి కట్టకున్నను బోనసు పోవును. ఈ బోనసు మనిషికి చెందినది, కారునకు కాదు. కారు అమ్మినపుడు బోనసును కొత్త కారునకు మార్చుకొనవచ్చును.

7. పాత కారు కొన్నవారికి: నేను చేసిన పొరపాటు

కొన్నేండ్ల క్రిందట మా బంధువు దగ్గర ఒక పాత కారు కొన్నాను. ఆర్.సి. నా పేరునకు మార్పించుకొన్నాను. పాలసీ మాత్రము, "ఇంకా ఎనిమిది నెలలు గడువున్నది గదా" అని ఆయన పేరుననే ఉంచినాను. ఒకనాడు లంకెలపాలెం కూడలి దగ్గర ముందు లారీ హఠాత్తుగా ఆగగా నా కారు దానికి తగిలినది. క్లెయిము పెట్టినాను. కారు నాది, పాలసీ ఇంకొకరిది. కంపెనీ తిరస్కరించినది. మరమ్మతునకు అయిన 38,000 రూపాయలు నా జీతమునుండి కట్టినాను.

చట్టము ప్రకారము వాహనము చేతులు మారినపుడు థర్డ్ పార్టీ భాగము దానంతటదే కొత్త యజమానికి వచ్చును. ఓన్ డ్యామేజి అట్లు రాదు. కొన్న 14 రోజుల లోపు కంపెనీకి అర్జీ పెట్టి పాలసీ మన పేరునకు మార్పించుకొనవలెను. నలుగురికి పాఠము చెప్పువాడనయ్యు నాకు ఇది తెలియలేదు. మీరు నావలె కాకుందురుగాక!

8. ట్రాక్టరు సంగతి

కారునకు చెప్పినవి చాలవరకు ట్రాక్టరునకు వర్తించును. కాని రెండు ముఖ్య విషయములు వేరుగా చెప్పవలెను. ట్రాక్టరునకు బీమా ఉన్నంత మాత్రమున ట్రైలరునకు ఉన్నట్లు కాదు. రెంటినీ పాలసీలో వ్రాయించుకొనవలెను. రెండవది, సాగు పనికని తీసికొన్న పాలసీ సాగు పనికే చెల్లును. ఒక కూరగాయల వ్యాపారి తాను కొన్న సరకుతో ట్రాక్టరు ట్రైలరుమీద సంతకు పోవుచు మరణించిన వ్యాజ్యములో, అది సాగు పని కాదు, వ్యాపారమని 2004లో సుప్రీంకోర్టు నిర్ణయించి, బీమా కంపెనీకి బాధ్యత లేదన్నది.

నాట్లకు, కోతలకు కూలీలను ట్రైలరులో ఎక్కించి తీసికొనిపోవుట మన ఊళ్ళలో నిత్యము చూచుచున్నాము. ట్రైలరు మనుషులు ఎక్కు బండి కాదు. అది బోల్తాపడినచో ఆ కుటుంబములకు బీమా డబ్బు రాకపోవచ్చును. పరిహారము రైతుమీద పడవచ్చును. ఆటోకు ఇచ్చు కొద్ది కిరాయి కన్న ఇది ఎంతో బరువైన నష్టము. ప్రాణము విలువ సరే సరి.

9. ప్రమాదము జరిగినపుడు

మొదట గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చవలెను. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన పథకము ప్రకారము రోడ్డు ప్రమాద బాధితునికి పథకములో చేరిన ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు, 1,50,000 రూపాయల మేర నగదు లేకుండ చికిత్స చేయవలెను. తరువాత చేయవలసినవి:

(అ) వాహనము కదపకముందు ఫొటోలు తీయుడు. ఎదుటి వాహనము నంబరు వ్రాసికొనుడు.
(ఆ) మనుషులకు దెబ్బలు తగిలినను, కారు దొంగిలింపబడినను పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసికొనుడు.
(ఇ) బీమా కంపెనీకి వెంటనే తెలుపుడు. సర్వేయరు చూడకముందు మరమ్మతు మొదలుపెట్టరాదు.
(ఈ) నడిపినవారి పేరు మార్చి చెప్పరాదు. లైసెన్సు లేని కొడుకు నడుపగా తండ్రి నడిపినాడని వ్రాసిన క్లెయిము అబద్ధమని తేలినచో మొత్తము పోవును.
(ఉ) మీరే బాధితులైనచో పరిహారమునకు ట్రైబ్యునలులో ఆరు నెలల లోపు అర్జీ వేయుడు. ఢీకొట్టిన వాహనము ఆచూకీ తెలియనపుడు కూడ ప్రభుత్వ పథకముక్రింద మరణమునకు 2 లక్షలు, తీవ్ర గాయమునకు 50,000 రూపాయలు 2022 ఏప్రిల్ 1 నుండి ఇచ్చుచున్నారు.

నడుపువానికి లైసెన్సు లేనపుడు కోర్టులు తరచు బాధితునికి ముందు కంపెనీచేత చెల్లింపజేసి, పిమ్మట ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసికొనుమందురు. అనగా పాలసీ ఉండియు లేనట్లే.

న్యాయమైన క్లెయిమును కంపెనీ త్రోసివేసినచో ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాతమూలకముగ తెలుపుడు. అక్కడ పని కాకున్నచో బీమా నియంత్రణ సంస్థ వారి 155255 నంబరుకు ఫోను చేయవచ్చును. హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపు అర్జీ పంపవచ్చును. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

10. ఎవరికి ఏ పాలసీ?

కొత్త కారు, లేక అప్పుతో కొన్న కారు: ప్యాకేజి పాలసీ, జీరో డిప్రిసియేషనుతో. కారు పోయినను అప్పు వాయిదాలు ఆగవు.

అయిదారేండ్ల కారు: ప్యాకేజి పాలసీయే మంచిది. అదనపు రక్షణలు తగ్గించుకొనవచ్చును.

బాగా పాతబడి, అమ్మినను ఎక్కువ ధర రాని కారు: ఓన్ డ్యామేజి ప్రీమియమును, ఐ.డి.వి.ని పక్కపక్కన పెట్టి చూడుడు. కారు పోయినను తట్టుకొనగలమనుకొన్నచో థర్డ్ పార్టీ, వ్యక్తిగత ప్రమాద బీమా చాలును. ఈ రెండు మాత్రము ఏ కారునకును మానరాదు.

సోదరులారా! పైన చెప్పిన పెద్దరైతు కారు బాగుచేయించుటకు ఆ ఏటి కొబ్బరి రాబడి సరిపోయినది. మరుసటి ఏడు ఆయన ప్యాకేజి పాలసీ తీసికొని, ఆ కాగితము నాకు చూపి, "ఇప్పుడు సరేనా మాస్టారూ?" అని అడిగినారు. చూచినాను. కారు ఆయన పేరున ఉన్నది, నడుపునది కుమారుడు. ఆ సంగతి చెప్పగా కుమారుని పేర వేరుగా ప్రమాద బీమా కూడ తీయించినారు.

మీరు కూడ ఈ సంచిక పక్కన పెట్టకముందే పెట్టె తెరచి మీ పాలసీ కాగితము తీయుడు. ఆరు విషయములు చూడుడు: పాలసీ రకమేది, రెండు గడువు తేదీలు ఏవి, పేరు ఎవరిది, ఐ.డి.వి. ఎంత, నడుపువానికి లైసెన్సు ఉన్నదా, వ్యక్తిగత ప్రమాద బీమా వ్రాసి ఉన్నదా. ఏది తేడాగా కనిపించినను రేపే సరిచేయించుకొనుడు. ప్రమాదము జరిగిన తరువాత కాగితము చదివి లాభము లేదు.